సంపాదకుడి బల్ల దగ్గర: వైద్య పరిశోధన పత్రికలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది ఒక వైద్య ప్రత్యేక శాఖకు పరిమితమైన పరిశోధన పత్రిక. మూడు నెలలకొకసారి పన్నెండేళ్లుగా క్రమం తప్పకుండా తెస్తున్నా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రిక వ్యాసాలను ఇతర పరిశోధకులు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె) ఒకటి దాటడం లేదు. రివ్యూ వ్యాసాలు (ఒక అంశంపై ఇప్పటికే వచ్చిన పరిశోధనలను కలిపి సమీక్షించేవి) పెంచమనీ, వ్యాసాన్ని అంగీకరించే ముందు మన పాత సంచికల్లోని వ్యాసాలను రెండు మూడైనా ఉదహరించాలని (ఆధారంగా చూపాలని) రచయితలకు చెప్పమనీ సంపాదక మండలిలో కొందరు సలహా ఇస్తున్నారు. ఇది సరైన దారేనా?
(ఒక శస్త్రచికిత్స పత్రిక ప్రధాన సంపాదకుడు)

జవాబు: ఆ సలహాలో మొదటి సగం కొంతవరకు సమర్థనీయమే గాని, రెండో సగం పత్రిక పరువును తాకట్టు పెట్టేది. అసలు ఆ అంకె ఎలా తయారవుతుందో ముందు చూద్దాం. ఒక పత్రికకు 2024 సంవత్సరపు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కట్టాలంటే, అందులో 2022, 2023లలో వెలువడిన రచనలకు 2024లో లభించిన సైటేషన్లన్నింటినీ, అంటే ఇతర వ్యాసాలు వాటిని ఉదహరించిన సందర్భాలన్నింటినీ కూడి, ఆ రెండేళ్లలో వచ్చిన పరిశోధన వ్యాసాలు, రివ్యూ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. సంపాదకీయాలకూ ఉత్తరాలకూ వచ్చిన సైటేషన్లు పై సంఖ్యలో కలుస్తాయి గాని, ఆ సంపాదకీయాలూ ఉత్తరాలూ కింది సంఖ్యలో చేరవు. సంచికకు పదేసి వ్యాసాలు వేసే త్రైమాసికానికి రెండేళ్లలో 80 వ్యాసాలవుతాయి కాబట్టి, వాటికి 72 సైటేషన్లు వస్తే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 0.9 అవుతుంది, 88 వస్తే 1.1 అవుతుంది. మీ మండలికి నిద్ర లేకుండా చేస్తున్న తేడా మొత్తం 16 సైటేషన్లన్నమాట.

ఒకే ఒక్క వ్యాసం ఈ అంకెను ఎక్కడికి ఎగరేయగలదో స్ఫటికశాస్త్రంలో పేరున్న ఆక్టా క్రిస్టలోగ్రాఫికా పత్రిక ఎ విభాగంలో అందరూ చూశారు. 2008లో 2.051గా ఉన్న దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009లో ఒక్కసారిగా 49.926కు చేరింది. స్ఫటిక నిర్మాణాలను విశ్లేషించే ప్రోగ్రాముల గురించి వాటి రూపకర్త జార్జ్ షెల్డ్రిక్ 2008లో ఆ పత్రికలో ఒక వ్యాసం రాయడం, ఆ ప్రోగ్రాములను వాడిన పరిశోధకులు వేల సంఖ్యలో దాన్ని ఉదహరించడం ఇందుకు కారణం. రెండేళ్ల గడువు దాటి ఆ వ్యాసం లెక్కలోంచి తప్పుకోగానే అంకె మళ్లీ రెండు దగ్గరకే దిగింది. పత్రిక ముందూ అదే, తర్వాతా అదే. సంపాదకుల పనితీరులో ఏ మార్పూ లేదు.

ఇక రచయితల మెడమీద కత్తి పెట్టి సైటేషన్లు రాబట్టడం గురించి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్లను ప్రకటించే సంస్థ సొంత సైటేషన్లు అసహజంగా పెరిగిన పత్రికలనూ, ఒకదానికొకటి సైటేషన్లు ఇచ్చిపుచ్చుకుంటున్న పత్రికలనూ గుర్తించి, ఆ ఏడాదికి వాటి అంకెను ప్రకటించకుండా ఆపేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటుంది: అలాంటి ఉత్తరం అందుకున్న మంచి రచయిత మీకు మళ్లీ వ్యాసం పంపడు, ఎందుకు పంపడం లేదో కూడా మీకు చెప్పడు.

రివ్యూ వ్యాసాలు వేయండి, కానీ నిజంగా అవసరమైన అంశం మీద, ఆ అంశంలో స్వయంగా పనిచేసినవారి చేత రాయించండి. పత్రిక బాగుపడుతున్నదో లేదో తెలుసుకోవాలంటే నేనైతే వేరే లెక్కలు చూస్తాను. వ్యాసం అందిన నాటి నుంచి మొదటి నిర్ణయం చెప్పేవరకు ఎన్ని రోజులు పడుతోంది? మీరు తిరస్కరించిన వ్యాసాలు తర్వాత ఎక్కడ అచ్చయ్యాయి? మీకంటే మంచి పత్రికల్లో తరచుగా వస్తూ ఉంటే మీ జల్లెడలో ఎక్కడో లోపం ఉన్నట్టే. ఐదేళ్ల కిందట మీరు వేసిన వ్యాసాల్లో ఎన్నింటిని చికిత్సా మార్గదర్శకాలు రాసేవారు వాడుకున్నారు? ఈ మూడో ప్రశ్నకు జవాబు వెతకడానికి ఒక సహసంపాదకుడికి ఒక వారం పట్టవచ్చు, కానీ ఆ వారంలో ఆయనకు మీ పత్రిక గురించి తెలిసినంత పదేళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల పట్టికలోనూ తెలియదు.

ప్రశ్న: వచ్చిన వ్యాసాలను ప్రచురణకు ముందు పరిశీలించి నివేదిక ఇచ్చే సమీక్షకులు దొరకడమే గగనమైపోయింది. పదిమందికి రాస్తే ఇద్దరు ఒప్పుకుంటారు, వారిలో ఒకరు రెండు వాక్యాల నివేదిక పంపుతారు. పేరున్న ఆచార్యులను మండలిలో చేర్చుకున్నా ప్రయోజనం కనిపించలేదు. ఏం చేయాలి?
(ఒక నేత్రవైద్య పత్రిక సహసంపాదకురాలు)

జవాబు: పేరున్నవారి వెంట పడటమే సగం సమస్య అని నా అభిప్రాయం. మంచి సమీక్ష ఎవరు రాస్తారన్న విషయాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ పరిశీలించి 1998లో ఫలితాలు వెల్లడించింది. వయసులో చిన్నవారూ, ఎపిడెమియాలజీలోనో (జనంలో వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే శాస్త్రం) గణాంకశాస్త్రంలోనో శిక్షణ పొందినవారూ రాసిన నివేదికలు మెరుగ్గా ఉన్నాయి. వెచ్చించిన సమయం పెరిగేకొద్దీ నివేదిక నాణ్యత కూడా మూడు గంటల దాకా పెరిగింది, ఆ తర్వాత పెరగలేదు. హోదాకూ, మండలి సభ్యత్వానికీ ఆ పట్టికలో పెద్ద విలువ దక్కలేదు. మీ శాఖలో గత రెండు మూడేళ్లలో మంచి వ్యాసానికి మొదటి రచయితగా నిలిచిన యువ వైద్యుల జాబితా తయారు చేయించండి. ఆచార్యుడికి వెళ్లిన ఆహ్వానాన్ని చాలాసార్లు చివరకు మోసేది వారే. ఆ శ్రమ ఎలాగూ వారిదే అయినప్పుడు నేరుగా వారినే అడిగి, పని చేసినందుకు గుర్తింపు కూడా వారికే ఇవ్వడం న్యాయం.

మంచి సమీక్షకుడు ఎప్పటికీ మంచిగానే ఉంటాడని కూడా అనుకోకండి. అత్యవసర వైద్యానికి చెందిన ఆనల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ పత్రిక సంపాదకులు తమకు వచ్చే ప్రతి నివేదికకూ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తూ వచ్చారు. పద్నాలుగేళ్ల మార్కులను పరిశీలించి 2011లో వారు తేల్చినదేమంటే, ఏళ్లు గడిచేకొద్దీ ఎక్కువమంది సమీక్షకుల నివేదికల నాణ్యత నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. మీరు కూడా ప్రతి నివేదికకూ మార్కు వేసి ఉంచుకోండి. ఇది ఒక్క నిమిషం పని. మూడేళ్ల తర్వాత ఎవరికి రాయాలో, ఎవరికి రాయనక్కరలేదో ఆ పుస్తకమే చెబుతుంది.

రెండు వాక్యాల నివేదిక విషయంలో మాత్రం తప్పు సమీక్షకుడిది ఒక్కడిదే కాదు. "ఈ వ్యాసంపై మీ అభిప్రాయం తెలుపగలరు" అని రాస్తే, "వ్యాసం బాగుంది, కొన్ని భాషాదోషాలున్నాయి, సరిచేసి ప్రచురించవచ్చు" అనే జవాబే వస్తుంది. దానికి బదులు, "ఇందులో పోలిక కోసం తీసుకున్న బృందం సరైనదేనా? ఆరు నెలల ఫాలో-అప్ ఈ శస్త్రచికిత్సకు సరిపోతుందా? రెండో పట్టికలోని ఫలితం మీ అనుభవంతో సరిపోలుతోందా?" అని మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ప్రశ్నలు రాయాలంటే ముందు సంపాదకుడు వ్యాసం చదవాలి. చదివితే, వచ్చిన వాటిలో ఎన్నో వ్యాసాలను సమీక్షకు పంపనక్కరలేదని ఆయనకే తెలిసిపోతుంది, సమీక్షకుల కరవు కూడా అక్కడే సగం తీరుతుంది. నాలుగు నెలలు నాన్చి కాదనడం కంటే, పది రోజుల్లో కారణం చెప్పి తిప్పి పంపడమే రచయితకు మేలు చేయడం.

ఇంకొక మాట. సమీక్ష నుంచి మనం ఆశించేది అది ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ. బ్రిటిష్ మెడికల్ జర్నల్ వారే ఒక వ్యాసంలో కావాలని 8 లోపాలు చొప్పించి సమీక్షకులకు పంపి, 1998లో ఫలితం ప్రకటించారు. నివేదిక పంపిన 221 మంది సగటున పట్టుకున్నది రెండే లోపాలు. తర్వాత 9 పెద్ద తప్పులతో మరోసారి జరిపిన పరీక్షలో, పంపిన వ్యాసాల్లో మొదటిదానిలో సగటున మూడు కూడా దొరకలేదు. కొద్దిపాటి శిక్షణ ఇచ్చినా పెద్ద తేడా కనిపించలేదు. తప్పులన్నీ సమీక్షకుడే పట్టుకుంటాడన్న ధైర్యంతో కూర్చునే సంపాదకుడు వట్టి జల్లెడతో నీళ్లు మోస్తున్నట్టే.

ప్రశ్న: కన్సార్ట్, ప్రిజ్మా, స్ట్రోబ్ చెక్‌లిస్టులను తప్పనిసరి చేస్తే వ్యాసాలు బాగుపడతాయా, లేక ఇది కాగితాల తంతేనా?

జవాబు: నింపి పంపమనడం వరకే అయితే తంతే. క్లినికల్ ట్రయళ్లకు కన్సార్ట్ 1996లో, పరిశీలనాత్మక అధ్యయనాలకు స్ట్రోబ్ 2007లో, సిస్టమాటిక్ రివ్యూలకు (ఒక ప్రశ్నపై వచ్చిన అధ్యయనాలన్నింటినీ పద్ధతి ప్రకారం వెతికి క్రోడీకరించేవి) ప్రిజ్మా 2009లో వచ్చాయి. రోగులను రెండు బృందాలుగా ఎలా విడదీశారు, మధ్యలో ఎందరు తప్పుకున్నారు వంటి అవసరమైన సంగతులు వ్యాసంలోంచి జారిపోకుండా చూడటమే వాటి ఉద్దేశం. బార్సిలోనాలో వెలువడే మెడిసినా క్లినికా అనే పత్రిక దీన్ని పరీక్షించి 2007లో వెల్లడించిన ఫలితం ఆలోచించదగినది: సమీక్షకుల బృందంలో ఒక గణాంక నిపుణుణ్ని చేర్చినప్పుడు వ్యాసాలు స్పష్టంగా మెరుగుపడ్డాయి, చెక్‌లిస్టు చూడమని సమీక్షకులకు సూచించినంత మాత్రాన అలాంటి తేడా తేలలేదు. మీకు ఒక్క ఖర్చుకే స్థోమత ఉంటే, వెబ్‌సైటు రూపురేఖలు మార్చడం మాని ఒక గణాంక నిపుణుడికి గౌరవవేతనం ఇవ్వండి. చెక్‌లిస్టు పెట్టదలిస్తే, "ఆరో పేజీ" అని రచయిత రాసిన చోట ఆ పేజీ తెరిచి ఆ సంగతి నిజంగా అక్కడుందో లేదో చూసే మనిషిని కూడా పెట్టండి.

ప్రశ్న: కల్పిత డేటాతో వచ్చే వ్యాసాలను చిన్న పత్రిక ఎలా గుర్తించగలదు? మాకు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ తప్ప మరో సాధనం లేదు.
(ఒక మత్తువైద్య పత్రిక సంపాదక మండలి సభ్యుడు)

జవాబు: ఈ ప్రశ్న మత్తువైద్య పత్రిక నుంచి రావడం సముచితంగా ఉంది, ఎందుకంటే వైద్యంలో కల్పిత డేటాను పట్టుకునే విద్యకు బాట వేసినది ఎక్కువగా ఆ శాఖే. జపాన్‌కు చెందిన మత్తువైద్యుడు యోషితాకా ఫుజీ ట్రయళ్లలోని అంకెలు సహజంగా ఏర్పడే అవకాశం ఎంత తక్కువో ఇంగ్లండ్‌లోని మత్తువైద్యుడు జాన్ కార్లైల్ 2012లో లెక్కగట్టి చూపారు. ఫుజీ వ్యాసాల్లో 170కి పైగా ఆ తర్వాత ఉపసంహరణకు గురయ్యాయి. అవన్నీ సమీక్షకులు చదివి అంగీకరించినవే.

మీకు నేరుగా పనికొచ్చేది అదే కార్లైల్ 2021లో ప్రచురించిన పరిశీలన. అనస్తీషియా అనే పత్రికకు 2017 ఫిబ్రవరి నుంచి 2020 మార్చి వరకు వచ్చిన 526 ట్రయళ్లను ఆయన పరిశీలించారు. వాటిలో 153 ట్రయళ్లకు ఒక్కొక్క రోగి వివరాలున్న డేటా షీటు కూడా చూడగలిగారు. ఆ 153లో 67 ట్రయళ్లలో, అంటే 44 శాతంలో, తప్పుడు డేటా దొరికింది. వ్యాసం తప్ప డేటా షీటు లేని 373లో మాత్రం కేవలం 6 ట్రయళ్లలో, అంటే 2 శాతంలోపే, దొరికింది. కొన్ని షీట్లను అనుమానం కలగడం వల్లే తెప్పించుకున్నారు కాబట్టి ఆ 44ను అన్ని పత్రికలకూ వర్తింపజేయకూడదు. అయినా వ్యాసం మాత్రమే చదివితే దాదాపు ఏమీ కనిపించదన్న సంగతిని ఆ రెండు అంకెలూ పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి. ట్రయల్ వ్యాసం పంపేవారంతా పేర్లు తొలగించిన రోగుల వారీ డేటా షీటును జతచేయాలని మీ నియమాల్లో ఒక్క వాక్యం చేర్చండి. దానికి పైసా ఖర్చు లేదు. షీటు అడగ్గానే కొన్ని వ్యాసాలు వాటంతటవే వెనక్కి వెళ్లిపోయినా ఆశ్చర్యపోకండి.

షీటు లేకపోయినా కాగితం, కలంతో పట్టుకోదగినవి కొన్ని ఉన్నాయి. ఒకసారి నా బల్ల మీదికి వచ్చిన వ్యాసంలో చికిత్స పొందిన బృందంలో 29 మంది ఉన్నారనీ, వారిలో 43 శాతం మందికి వికారం తగ్గిందనీ ఉంది. 29 మందిలో 12 మందికి తగ్గితే 41 శాతం, 13 మందికి తగ్గితే 45 శాతం. 43 శాతం కావాలంటే మనిషిని ముక్క చేయాలి. అదే పట్టికలో ఆసుపత్రిలో ఉన్న రోజుల సగటు 3.1 అనీ, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 4.8 అనీ ఉంది. సున్నా కంటే తక్కువ రోజులు ఎవరూ ఆసుపత్రిలో ఉండరు కాబట్టి, సగటును మించిన డీవియేషన్ ఉన్నదంటే కొద్దిమంది చాలాకాలం ఉండిపోయారని అర్థం, అప్పుడు ఇంత చిన్న బృందాలకు రచయితలు వాడిన టీ-టెస్ట్ (రెండు బృందాల సగటులను పోల్చే గణాంక పరీక్ష) నమ్మదగినది కాదు. రెండో తప్పు తెలియక చేసినది కావచ్చు. మొదటిది కూడా, ఒక రోగి వివరం అందక 28 మందికే శాతం కట్టడం వల్ల వచ్చి ఉండవచ్చు. 28లో 12 అంటే సరిగ్గా 43 శాతమే. అందుకే మోసమని నిర్ణయించుకుని కాక, తెలియక అడుగుతున్నట్టే ఉత్తరం రాయాలి. ఇద్దరు సమీక్షకులు ఆ పట్టికను దాటి వెళ్లారు. నేను అలాగే రాసిన ఉత్తరానికి రచయితలు ఇంతవరకు జవాబివ్వలేదు.

ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరును (ట్రయల్ ప్రణాళికను బహిరంగ పట్టికలో నమోదు చేసినప్పుడు ఇచ్చేది) కూడా చూసి వదిలేయకుండా ఆ నమోదు తెరిచి చదవండి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం ప్రకారం 2005 జులై 1 తర్వాత మొదలయ్యే ట్రయళ్లు మొదటి రోగిని చేర్చుకోకముందే రిజిస్టర్ కావాలి. తేదీ సరిపోయిందా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. అక్కడ ముఖ్య ఫలితంగా రాసుకున్నది నొప్పి అయి, వ్యాసంలో ముఖ్య ఫలితం వికారంగా మారిందా అన్నది అసలు ప్రశ్న.

ప్రశ్న: ఒక బృందం వారు అతిథి సంపాదకులుగా ఉండి మాకు ఏడాదికి ఆరు ప్రత్యేక సంచికలు తెస్తామంటున్నారు. వ్యాసాల కొరత తీరుతుంది కదా?

జవాబు: తీరుతుంది, పత్రిక కూడా తీరిపోవచ్చు. హిందావి ప్రచురణ సంస్థ పత్రికల్లో అతిథి సంపాదకుల ప్రత్యేక సంచికల దారినే డబ్బు తీసుకుని వ్యాసాలు తయారుచేసే ముఠాలు ప్రవేశించాయి, ఒక్క 2023లోనే ఆ సంస్థ 8,000కు పైగా వ్యాసాలను ఉపసంహరించుకోవలసి వచ్చింది. ప్రత్యేక సంచిక అంశాన్ని మీరే నిర్ణయించి, సమీక్షకులను మీరే ఎంపిక చేసి, తుది నిర్ణయం మీ చేతిలోనే ఉంచుకోగలిగితే ఏడాదికి ఒకటి వేయండి. ఆరు వద్దు.

ప్రశ్న: మా పత్రిక వ్యాసాలు పబ్‌మెడ్‌లో కనిపించాలంటే ఏం చేయాలి?

జవాబు: పబ్‌మెడ్ అనేది వైద్య పరిశోధన వ్యాసాలను ఇంటర్నెట్‌లో వెతికే చోటు మాత్రమే. అందులోకి రావడానికి ముఖ్యంగా రెండు ద్వారాలున్నాయి. మెడ్‌లైన్ అనేది అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ ఎంపిక చేసిన పత్రికల సూచిక. పబ్‌మెడ్ సెంట్రల్ అనేది అదే సంస్థ 2000లో ప్రారంభించిన పూర్తి పాఠాల భాండాగారం. రెండింటికీ వేర్వేరుగా దరఖాస్తు చేయాలి, రెండు చోట్లా శాస్త్రీయ నాణ్యతను పరిశీలిస్తారు. సమయానికి సంచికలు రావడం, రచయితలకున్న ఆర్థిక సంబంధాల ప్రకటన, ఎథిక్స్ కమిటీ అనుమతి వివరం, సంపాదకుల పేర్లూ సంస్థలూ బహిరంగంగా ఉండటం వంటివి సరిగా లేక ఆగిపోయే పత్రికలు ఉంటాయి. దరఖాస్తు చేసే ముందు మీ గత నాలుగు సంచికలను మీ పత్రికతో సంబంధంలేని ఒక నిపుణుడికి ఇచ్చి, నిర్మొహమాటంగా చదవమనండి. ఆయన వంకలు పెట్టిన చోట్లు సరిచేసుకునేదాకా దరఖాస్తు ఆపడం మంచిది.

ప్రశ్న: మేం మూడేళ్ల కిందట వేసిన ఒక వ్యాసంలో ఒకే సూక్ష్మదర్శిని చిత్రం రెండు వేర్వేరు రోగులదిగా అచ్చయిందని ఒక పాఠకుడు రాశాడు. ఉపసంహరిస్తే పత్రికకు అప్రతిష్ఠ అని యాజమాన్యం అంటోంది. ఏం చేయమంటారు?
(పేరు ప్రచురించవద్దని కోరిన సంపాదకురాలు)

జవాబు: ముందు ఆ పాఠకుడికి ఈ వారమే జవాబు రాయండి. అందిందనీ, పరిశీలిస్తున్నామనీ చెప్పే రెండు వాక్యాలు చాలు. ఫిర్యాదు చేసినవారికి నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోవడం వల్ల పోయే పరువు, ఉపసంహరణ వల్ల పోయేదానికంటే ఎక్కువ. తర్వాత రచయితలందరికీ, పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపిన రచయిత ఒక్కడికే కాదు, చిత్రాల అసలు ఫైళ్లు పంపమని గడువు పెట్టి రాయండి. ఒక చిత్రం పొరపాటున మారిపోయి, అసలు చిత్రం వారి దగ్గర తేదీతో సహా దొరికితే, ముగింపులకు ఏ మార్పూ రాకపోతే, సవరణ సరిపోతుంది. అసలు ఫైళ్లు చూపలేకపోయినా, జవాబులు పొంతన లేకుండా ఉన్నా వారు పనిచేసే సంస్థకు రాసి విచారణ కోరాలి, ఎందుకంటే ప్రయోగశాల పుస్తకాలు తెరిపించే అధికారం సంస్థకుంది గాని మీకు లేదు. ఆ విచారణ సాగుతుండగా వ్యాసం మీద సంపాదకుల సందేహ ప్రకటన ఉంచవచ్చు. 1997లో సంపాదకులే కలిసి ఏర్పాటు చేసుకున్న కోప్ అనే ప్రచురణ నైతికత కమిటీ ఈ మెట్లన్నింటికీ నమూనాలు తయారుచేసి పెట్టింది. మీ యాజమాన్యం ముందు వాటినే ఉంచండి, అప్పుడు ఇది మీ సొంత పట్టుదలగా కనిపించదు.

ఉపసంహరణే తేలితే ప్రకటనను సూటిగా రాయండి. ఎవరు ఉపసంహరిస్తున్నారు, రచయితలా, పత్రికా? ఏ చిత్రం, ఏ పేజీలో? నిజాయితీగా జరిగిన పొరపాటా, కాదా? ఇవి అందులో ఉండాలి. "కొన్ని కారణాల వల్ల" అని రాస్తే, తమ తప్పును తామే బయటపెట్టుకున్న నిజాయితీపరులైన రచయితలు కూడా దొంగల జాబితాలో కలిసిపోతారు. ప్రకటన అందరికీ ఉచితంగా దొరకాలి, అసలు వ్యాసానికి లంకె ఉండాలి, పాత వ్యాసాన్ని తీసేయకుండా ప్రతి పేజీ మీదా ఉపసంహరించినట్టు ముద్ర కనిపించాలి. తీసేస్తే, ఇప్పటికే దాన్ని దించుకుని దాచుకున్న వైద్యుడికి సంగతి తెలిసే దారి ఉండదు. ప్రకటనలో ఆ పాఠకుడికి కృతజ్ఞతలు చెప్పదలిస్తే, పేరు వెల్లడించవచ్చా అని ముందుగా అతన్ని అడగండి.